తాళం రోగిది, తాళంచెవి ఎవరిది?

ఈ విద్యాసంవత్సరం ప్రారంభంలో మన కళాశాల పాలక సంఘం ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. విద్యార్థినీ విద్యార్థులకు ఏటా జరిపే వైద్య పరీక్షల వివరాలను, ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే మందుల వివరాలను ఇకమీదట అట్ట కార్డుల మీద గాక కంప్యూటరులో భద్రపరచాలని, అందుకు తగిన సాఫ్ట్‌వేర్ కొనాలని దాని సారాంశం. అమ్మకందారు ఒకరు వచ్చి అధ్యాపకుల గదిలో గంటసేపు తెర మీద బొమ్మలు చూపి వివరించారు. ఆయన పదేపదే పలికిన మాట ఒకటున్నది. "సమాచారమంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుందండీ, బ్రహ్మదేవుడు కూడా చదవలేడు." అందరూ సంతోషించారు. నేను లేచి, "మరి మేము చదవగలమా?" అని అడిగాను. ఆయన నవ్వి, "లైసెన్సు ఉన్నన్నాళ్లూ చదవగలరు సార్" అన్నారు.

ఆ జవాబే ఈ వ్యాసానికి కారణం. నేను ఆ ప్రతిపాదనకు వ్యతిరేకిని కాను. కార్డుల కాలం తీరిపోయిందని నేనూ ఒప్పుకుంటాను. అయితే రోగి వివరాలకు తాళం వేయడం ఎంత అవసరమో, ఆ తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలో ముందుగా తేల్చుకోవడం అంతకంటె అవసరమని నా దృఢాభిప్రాయం. మా ఇంట్లో జరిగిన ఒక సంఘటన నాకు ఈ పాఠం నేర్పింది. సొంత విషయం ప్రస్తావిస్తున్నందుకు పెద్దలు మన్నించాలి.

మా వీధి చివర, కూరగాయల మార్కెట్టు వెనుక ఒక డాక్టరుగారి దవాఖానా ఉండేది. రెండు గదులు, ఒక వరండా, వరండాలో రెండు బల్లలు. ఇంచుమించు నలభై ఏళ్లు ఆయన అక్కడే కూర్చుని మా పేట జనానికి వైద్యం చేశారు. అందరికీ ఆయన డాక్టర్ సాబే. అసలు పేరు బోర్డు మీద తప్ప ఎవరి నోటా వినబడేది కాదు. కొయ్య సొరుగులలో రోగుల కార్డులు నంబర్ల వరుసన ఉండేవి. మా కుటుంబం నంబరు చీటీని మా అమ్మ రేషను కార్డుతోపాటు ఒకే సంచిలో భద్రంగా దాచేది. 2013 ప్రాంతంలో ఆయన కంప్యూటరు కొని, వైద్యుల కోసమే తయారైన ఒక సాఫ్ట్‌వేర్ పెట్టించారు. కాంపౌండరు రెండేళ్లపాటు సాయంకాలాలు కూర్చుని పాత కార్డులలోని ముఖ్య విషయాలను అందులోకి ఎక్కించాడు. ఆ తరువాత కార్డులకు చెద పట్టడంతో వాటిని తీసివేశారు.

2015లో ఒకనాడు మా అమ్మకు తీవ్రమైన జ్వరం వస్తే డాక్టరుగారు ఒక ఇంజక్షన్ ఇచ్చారు. పది నిమిషాలు గడవకముందే ఆమెకు ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. పెదవులు వాచాయి. ఊపిరి అందలేదు. డాక్టరుగారు తక్షణం ఎడ్రినలిన్ ఇచ్చి ఆమెను బ్రతికించారు. ఆమె తేరుకున్న తరువాత నా ఎదుటనే కంప్యూటరులో ఆ మందు పేరు ఎక్కించి, "ఈ మందు ఈమెకు పడదు. జన్మలో మళ్లీ తీసుకోకూడదు. ఎర్ర అక్షరాలలో రాశాను, ఇక భయం లేదు" అన్నారు. భయం లేదన్నారు కనుక నేను ఆ పేరు వేరే కాగితం మీద రాసుకోలేదు. ఆ తప్పు నాదే. చదువుకున్నవాణ్ణి, రోజూ పిల్లలకు నోట్సు రాసుకోండని చెప్పేవాణ్ణి.

2021 మే నెలలో కోవిడ్ రెండవ ఉధృతిలో డాక్టరుగారు మరణించారు. దవాఖానా మూతపడింది. మరుసటి ఏడాది చలికాలంలో మా అమ్మకు ఊపిరితిత్తులలో చీము చేరి పెద్ద ఆసుపత్రిలో చేర్పించవలసి వచ్చింది. అక్కడి యువ వైద్యురాలు మొదట అడిగిన ప్రశ్న, "ఏ మందైనా పడకపోవడం ఉన్నదా?" అని. ఉన్నదన్నాను. "ఏ మందు?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. "ఎర్ర మూత ఉన్న సీసా" అని మా అమ్మ ఆయాసపడుతూ చెప్పింది. ఆ వైద్యురాలు విసుక్కోలేదు. అనుమానించదగిన మందుల వర్గాన్నంతటినీ పక్కన పెట్టి, వేరొక మందు మొదలుపెట్టింది. దాని ఖరీదు ఎక్కువ, పని నిదానం. "ఆ పేరు దొరికితే మాత్రం నాకు రాత్రి పన్నెండింటికైనా ఫోన్ చేయండి" అన్నది.

నేను డాక్టరుగారి ఇంటికి పరుగెత్తాను. బేగం సాహెబా దవాఖానా తాళాలు నా చేతికిచ్చి, కాంపౌండరుకు కబురు పంపారు. దుమ్ము దులిపి మీట నొక్కితే కంప్యూటరు పనిచేసింది. లోపలికి వెళ్లే రహస్య పదం కాంపౌండరుకు తెలుసు. డాక్టరుగారి మనుమరాలి పేరే అది. సాఫ్ట్‌వేర్ తెరుచుకున్నది. కాని మొదటి పుట మీదనే లైసెన్సు గడువు ముగిసిందని, పునరుద్ధరణకు సంస్థను సంప్రదించాలని ఒక వాక్యం నిలిచింది. దానిని దాటి ఒక్క అడుగు ముందుకు వేయలేకపోయాము. మరునాడు ఉదయం సంస్థకు ఫోన్ చేశాను. అవతల మాట్లాడిన అమ్మాయి చాలా మర్యాదస్తురాలు. లైసెన్సు డాక్టరుగారి పేరున ఉన్నదని, ఆయన లేరు కనుక ఇతరులకు తెరిచి ఇవ్వడం కుదరదని, రోగుల గోప్యత కాపాడడం తమ విధి అని చెప్పింది. "అమ్మా, రోగి మా అమ్మే. తన వివరం తానే అడుగుతున్నది" అన్నాను. అట్లాంటి దరఖాస్తు ఫారం తమ వద్ద లేదన్నది.

డాక్టరుగారు జాగ్రత్తపరులు. ప్రతి గురువారం రాత్రి సమాచారమంతా వేరొక డిస్కులోకి నకలు తీసేవారు. ఆ డిస్కు బీరువాలో దొరికింది. ఆశతో దానిని మన కళాశాల కంప్యూటర్ విభాగానికి తెచ్చాను. ఫైళ్ల పేర్లు ఉన్నాయి, తేదీలు ఉన్నాయి. తెరిచి చూస్తే లోపల అర్థంలేని గుర్తుల వరుసలు, గోడ మీద చీమల బారుల్లాగా. నా సహోద్యోగి ఒకరు పూర్తిగా పరిశీలించి, "సార్, నకలు బాగానే ఉన్నది. తాళంచెవి మాత్రం ఇందులో లేదు" అన్నారు. తాళం వేసిన పెట్టెకు ఎన్ని నకళ్లు తీసినా తాళం వేసిన పెట్టెలే లభిస్తాయన్న సంగతి ఆనాడు నాకు తెలిసింది.

చివరకు పేరు దొరికింది. నాలుగవ రోజున కాంపౌండరు తన ట్రంకు పెట్టెలోనుండి అట్ట చిరిగిన ఒక నోటు పుస్తకం తెచ్చాడు. కార్డులు ఎక్కించే రోజులలో, ఇంజక్షన్లు పడనివారి పేర్లు తన సౌకర్యం కోసం ఉర్దూలో విడిగా రాసుకున్నాడట. అందులో మా అమ్మ పేరు, మందు పేరు ఉన్నాయి. కంప్యూటరు వచ్చిన తరువాత కూడా ఆ పుస్తకం ఎందుకు కొనసాగించావని అడిగితే, "కరెంటు పోతే ఎలా బేటా" అన్నాడు. వైద్యురాలు ఆ పేరు విని తాను అనుమానించిన వర్గంలోనిదేనని చెప్పి, తక్కిన చికిత్సను నిశ్చింతగా సాగించింది. మా అమ్మ కోలుకున్నది. కాని ఆ దవాఖానాలో వేల రోగుల వివరాలున్నాయి. కాంపౌండరు పుస్తకంలో ఉన్నవి నాలుగు పుటలు.

ఈ కథ విని, అయితే ఆ తాళమే వద్దు, అన్నీ తెరిచే ఉంచుదాం అనేవారు ఉంటారు. అది ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్లు అవుతుంది. కార్డుల కాలంలో జరిగిన అన్యాయాలు మనకు తెలియనివా? మా పేటలోనే ఒక అమ్మాయి మూర్ఛ రోగానికి మందులు వాడుతున్న సంగతి దవాఖానా ఊడ్చే కుర్రవాడు కార్డు చూసి ఎవరికో చెప్పాడు. కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఆ కుర్రవాడికి చదవడం రావడమే ఆమె దురదృష్టం. క్షయ, మానసిక వ్యాధి, గర్భస్రావం, ఎయిడ్స్ వంటి మాటలు కార్డు దాటి వీధిలోకి వస్తే మన సమాజంలో ఎవరి బ్రతుకు ఏమవుతుందో, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, విప్పి చెప్పనవసరం లేదు. ఫిన్లాండు దేశంలో మానసిక చికిత్స అందించే వాస్తామో అనే సంస్థ రోగుల సంభాషణల వివరాలను సరియైన రక్షణ లేకుండా ఉంచింది. అవి దొంగల పాలయ్యాయి. 2020లో ఒక దుండగుడు వేలాదిమంది రోగులకు నేరుగా ఉత్తరాలు పంపి, డబ్బు ఇవ్వకపోతే మీ రహస్యాలు బయటపెడతానని బెదిరించాడు. మరుసటి ఏడాది ఆ సంస్థ దివాలా తీసింది. కనుక తాళం ఉండవలసిందే. రోగి నోట వెలువడిన మాటను దాచవలెనని హిపోక్రటీసు కాలంనుండి వైద్యులు ప్రమాణం చేస్తూనే ఉన్నారు. ఎన్‌క్రిప్షన్ ఆ ప్రమాణానికి నేటి రూపం.

ఇంతకూ ఆ తాళం ఎట్లాంటిదో కొంచెం తెలుసుకుందాం. గుప్తలిపి కొత్త విద్య కాదు. 9వ శతాబ్దంలో బాగ్దాదు నగరంలో జీవించిన అల్ కిందీ గుప్తలేఖలను విప్పే పద్ధతి మీద ఒక గ్రంథం రాశాడు. ఏ భాషలోనైనా కొన్ని అక్షరాలు ఎక్కువసార్లు, కొన్ని తక్కువసార్లు వస్తాయి. గుప్తలేఖలో ఏ గుర్తు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కిస్తే అది ఏ అక్షరమో ఊహించవచ్చునని ఆయన చూపాడు. ఔషధాల మోతాదులను గణితంతో నిర్ణయించే విషయం మీద కూడా ఆయనే రాయడం విశేషం. వైద్యము, గుప్తలిపి పదకొండు వందల ఏళ్ల క్రితమే ఒక మనిషి బల్ల మీద కలుసుకున్నాయి. ఆనాటి తాళాలు ఆయన లెక్కలకు ఊడివచ్చాయి. నేటివి రావు. 2001లో అమెరికా ప్రభుత్వం ప్రమాణంగా స్వీకరించిన ఏఈఎస్ పద్ధతిని బెల్జియం దేశస్థులైన ఇద్దరు శాస్త్రజ్ఞులు, డేమన్, రైమన్, రూపొందించారు. అందులో 256 బిట్ల తాళంచెవి వాడితే సాధ్యమయ్యే చెవుల సంఖ్య రాయడానికి 78 అంకెలు కావాలి. ఒక్కొక్కటే ప్రయత్నించి తెరవడం లోకంలోని కంప్యూటర్లన్నీ ఏకమైనా కాని పని.

ఈ పద్ధతి ఎట్లా పనిచేస్తుందో పుస్తకాలలో బహిరంగంగానే ఉన్నది. ఎవరైనా చదువుకోవచ్చు. తాళం నిర్మాణం శత్రువుకు తెలిసినా ఫరవాలేదు, చెవి ఒక్కటే రహస్యంగా ఉంటే చాలునని 1883లోనే కెర్కాఫ్స్ అనే భాషావేత్త సూత్రీకరించాడు. కాబట్టి బలమంతా చెవిలోనే ఉన్నది. అది ఉంటే క్షణంలో తెరుచుకుంటుంది. లేకపోతే, తయారుచేసినవాడు వచ్చినా తెరుచుకోదు. డాక్టరుగారు రోజూ కొట్టిన రహస్య పదమే చెవి అనుకున్నాము. నిజానికి అది తలుపు దగ్గర కావలివాడికి చెప్పే పేరు మాత్రమే. అసలు చెవిని సాఫ్ట్‌వేర్ తనలో ఎక్కడో దాచుకుని, లైసెన్సు సరిగా ఉంటేనే బయటికి తీసింది. నలభై ఏళ్లు వైద్యం చేసిన వ్యక్తికి తన రోగుల వివరాల తాళంచెవి తన వద్ద లేదన్న సంగతి తెలియకుండానే కాలం తీరిపోయింది.

ఇది మన పేటకు పరిమితమైన దుస్థితి అనుకోనక్కరలేదు. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు ఉత్తర భాగాన ఒక చిన్న వైద్యశాల ఉన్నది. నెలసరి రుసుము విషయంలో సాఫ్ట్‌వేర్ సంస్థతో తగాదా వచ్చింది. 2014లో ఆ సంస్థ సుమారు 4 వేలమంది రోగుల రికార్డులు వైద్యశాలకు అందకుండా నిలిపివేసింది. బాకీ ఎవరిది న్యాయమో నేను తీర్పు చెప్పలేను. కాని అద్దె బాకీ ఉన్నదని ఇంటి యజమాని తలుపుకు తాళం వేస్తే, లోపల పడుకున్న రోగి సంగతి ఏమిటన్నది ప్రశ్న. ఆ దేశ ఆరోగ్య శాఖ 2016లో దీనికి స్పష్టమైన సమాధానం ఇచ్చింది. రుసుము తగాదా ఉన్నా సరే, సేవలందించే సంస్థ వైద్యునికి అతని రోగుల వివరాలు అందకుండా అడ్డుపడరాదని తేల్చింది. అదే సంవత్సరం చేసిన ఒక చట్టంలో, ఆరోగ్య సమాచారాన్ని అక్రమంగా అడ్డగించడాన్ని శిక్షార్హం చేశారు.

దొంగలు వేసే తాళాలు మరొక రకం. వీరు సమాచారాన్ని ఎత్తుకుపోవడంతో తృప్తిపడక, ఉన్నచోటనే తమ తాళం వేసి చెవికి వెల అడుగుతారు. 2021 మే 14న ఐర్లండు దేశపు ప్రభుత్వ ఆరోగ్య సేవకు ఈ ఆపద వచ్చింది. ఆరు రోజుల తరువాత దొంగలే డబ్బు తీసుకోకుండా చెవి ఇచ్చారు. అయినా యంత్రాలన్నీ తిరిగి తెరుచుకోవడానికి సెప్టెంబరు దాకా పట్టింది. 2022 నవంబరు 23న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ, అంటే ఎయిమ్స్, ఇదే పరిస్థితిలో పడింది. ఐదు సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం దొంగల తాళం కిందికి వెళ్లిందని ప్రభుత్వం పార్లమెంటులో తెలిపింది. దేశం నలుమూలలనుండి వచ్చిన రోగుల నమోదు, రక్తపరీక్షల ఫలితాలు, అపాయింట్‌మెంట్లు అన్నీ కొన్ని రోజులపాటు కాగితం, కలం మీద నడిచాయి. అంత పెద్ద సంస్థను ఆనాడు ఆదుకున్నది కాంపౌండరు నోటు పుస్తకంవంటి సాధనమే.

మన దేశపు నియమాలు ఏమంటున్నాయి? 2002 నాటి వైద్యుల వృత్తి నియమావళి ప్రకారం, ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులను చికిత్స ప్రారంభమైన నాటినుండి మూడేళ్లు భద్రపరచాలి. రోగి గాని, అతని అధీకృత వ్యక్తి గాని అడిగితే 72 గంటలలో ఇవ్వాలి. 2013లో ప్రకటించి 2016లో సవరించిన ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలు ఇంకా ముందుకు వెళ్లాయి. అందులోని సమాచారానికి యజమాని రోగియే అని, వైద్యుడు, ఆసుపత్రి దానిని రోగి తరఫున ధర్మకర్తలుగా మాత్రమే ఉంచుకుంటారని పేర్కొన్నాయి. ఎంత మంచి మాట! 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం నిర్వచనాలలో నాకు ఎంతో నచ్చిన అంశం ఒకటున్నది. సమాచారం పరుల పాలైతేనే ఉల్లంఘన అని మనం అనుకుంటాము. ఆ చట్టం, సమాచారం అందకుండా పోవడాన్ని కూడా ఉల్లంఘనలలో చేర్చింది. దాని నియమాలు 2025 నవంబరులో ప్రకటించారు. ముఖ్యమైన బాధ్యతలు అమలులోకి రావడానికి 18 నెలల గడువు పెట్టారు.

ఇన్ని ఉన్నా, ఒక చిన్న దవాఖానా వైద్యుడు మరణిస్తే అతని కంప్యూటరు తాళంచెవి ఎవరికి చెందాలి అన్న ప్రశ్నకు నాకు వీటిలో సూటి జవాబు కనబడలేదు. వారసులకు ఇల్లు వస్తుంది, కుర్చీ వస్తుంది, స్టెతస్కోపు వస్తుంది. రోగుల వివరాలు వారసత్వపు ఆస్తి కావు. కారాదు కూడా. బేగం సాహెబా ఆ వివరాలు చదవవలసిన అవసరం లేదు. చదవవలసినవారు ఆయా రోగులు, వారిని నేడు చూస్తున్న వైద్యులు. వారిదాకా చేర్చే దారి వేసి ఉంచనందువల్లనే చిక్కంతా వచ్చింది.

ఇక్కడ వైద్య చరిత్రలోని ఒక ఘట్టం జ్ఞాపకం వస్తున్నది. 10వ శతాబ్దపు తొలిభాగంలో మరణించిన మహావైద్యుడు అల్ రాజీ తన జీవితమంతా రోగులను చూస్తూ, చదివినదీ చూసినదీ ఓపికగా రాసుకున్నాడు. ఆయన మరణించేనాటికి అవన్నీ విడి కాగితాలే. ఇబ్నుల్ అమీద్ అనే మంత్రి వాటిని ఆయన సోదరివద్దనుండి సంపాదించి, శిష్యులను పిలిపించి క్రమంలో పెట్టించాడని అరబ్బు చరిత్రకారులు రాశారు. అట్లా తయారైనదే అల్ హావీ. అది 1279లో లాటిన్‌లోకి వెళ్లి, శతాబ్దాలపాటు ఐరోపా వైద్యులకు ఆకరమైంది. మన యూనానీ వైద్యులు నేటికీ ఆ పేరు గౌరవంతో తలుస్తారు. ఆ కాగితాలు రాజీతోపాటే గడువు తీరిపోయే తాళం కింద ఉండి ఉంటే, సోదరి ఏమి ఇవ్వగలిగేది, మంత్రి ఏమి కొనగలిగేవాడు?

ఇక మన కళాశాల విషయానికి వస్తాను. పాలక సంఘం పెద్దలకు నా మనవి ఇది. అమ్మకందారు చెప్పిన ఎన్‌క్రిప్షన్ తప్పక ఉండనీయండి. అయితే తాళంచెవి, లేదా దానిని తిరిగి పొందే సాధనం, కళాశాల స్వాధీనంలో ఉండాలని ఒప్పందంలో రాయించండి. ఆ చెవిని ఒక్కరి చేతికి అప్పగించడం నాకు సమ్మతం కాదు. ప్రభుత్వ ట్రెజరీలలో జంట తాళాల పద్ధతి పూర్వంనుండి ఉన్నది. ఇద్దరు అధికారులు తమ తమ చెవులతో వస్తే గాని ఖజానా గది తెరుచుకోదు. కంప్యూటరు తాళాలకు కూడా అట్లాంటి ఉపాయం ఉన్నది. 1979లో ఆది షమీర్ అనే గణిత శాస్త్రజ్ఞుడు ఒక రహస్యాన్ని ముక్కలు చేసి పంచే విధానం కనిపెట్టాడు. ఐదుగురికి ఐదు ముక్కలిస్తే, వారిలో ఏ ముగ్గురు కలిసినా చెవి తయారవుతుంది. ఇద్దరే కలిస్తే వారికి ఏమీ తెలియదు. ఒకరు బదిలీ అయినా, ఒకరు కన్నుమూసినా నష్టం లేదు. ప్రిన్సిపాల్ గారు, పాలక సంఘ కార్యదర్శిగారు, ఆరోగ్య కేంద్రపు డాక్టరుగారు, గ్రంథాలయాధికారి, కంప్యూటర్ విభాగాధిపతి, ఈ ఐదుగురూ చాలు.

రెండవది, లైసెన్సు ముగిసినా, సంస్థ మూతపడినా, తగాదా వచ్చినా, మన విద్యార్థుల వివరాలు మరొక సాఫ్ట్‌వేర్ చదవగల సామాన్య రూపంలో మన చేతికి వచ్చే ఏర్పాటు ఉండాలి. ఈ మాట ఒప్పందం కాగితం మీద ఉంటే చాలదు. ఏడాదికి ఒకసారి నకలు డిస్కును సంబంధంలేని వేరొక కంప్యూటరులో పెట్టి, నిజంగా తెరుచుకుంటున్నదో లేదో చూడాలి. డాక్టరుగారు ప్రతి గురువారం నకలు తీశారు గాని ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. ఖర్చు పెరుగుతుందని అమ్మకందారు అనవచ్చు. పెరగనీయండి. వార్షికోత్సవం షామియానాలో ఒక వరుస తగ్గించుకుందాం.

విద్యార్థులతో కూడా రెండు మాటలు. మీలో ఫార్మసీకి, నర్సింగుకు, వైద్య కళాశాలలకు వెళ్లేవారున్నారు. కంప్యూటరు కంపెనీలలో చేరి ఇట్లాంటి సాఫ్ట్‌వేర్లు రాసేవారు అంతకంటె ఎక్కువమంది ఉన్నారు. మీరు రాసే కార్యక్రమంలో గడువు ముగిసినప్పుడు కనబడే ఆ ఒక్క పుటను ఎవరో ఒకరు కూర్చుని రాయాలి కదా. ఆ పుట మీద డబ్బు కట్టే మీట పక్కన, రోగి తన వివరం తాను తీసుకునే మీట ఒకటి పెట్టడానికి ఎంత శ్రమ? మా కంప్యూటర్ విభాగం సహోద్యోగిని అడిగితే, మనసుంటే ఒక వారం పని అన్నారు. ఫోన్‌లో నాతో మాట్లాడిన ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. ఆమె ముందున్న తెర మీద ఆ మీట లేదు, అంతే. మీలో ఒకరు రేపు ఆ కుర్చీలో కూర్చుంటారు.

మీ ఇళ్లలో పెద్దలకు ఏ మందు పడదో, ఏ శస్త్రచికిత్స జరిగిందో, రక్తం ఏ వర్గమో ఒక కాగితం మీద తెలుగులోనో ఉర్దూలోనో రాసి, రేషను కార్డు ఉన్న సంచిలో పెట్టండి. మందు పేరు మాత్రం సీసా మీద ఉన్నట్లే అక్షరం తప్పకుండా ఎక్కించండి. మా అమ్మ సంచిలో ఇప్పుడు ఆ కాగితం ఉన్నది. కాంపౌండరు దస్తూరీతోనే రాయించాను.

నేను ఇది రాస్తున్ననాటికి మన విద్యార్థుల కార్డులు ఆరోగ్య కేంద్రంలోని ఇనుప బీరువాలోనే ఉన్నాయి. దానికి రెండు చెవులు. ఒకటి అటెండరు మొలతాడుకు, రెండవది ప్రిన్సిపాల్ గారి సొరుగులో. సాఫ్ట్‌వేర్ ఒప్పందం పదిహేడు పుటలు. లైసెన్సు ముగిసిన తరువాత సమాచారం సంగతి పదునాలుగవ పుటలో చిన్న అక్షరాలలో ఉన్నది. సంతకాలు ఇంకా కాలేదు.